నడుమ నిలబడ్డ ఆడమనిషి

బుర్రకథకి ముగ్గురు కావాలి. నడుమ నిలబడేవాడు కథకుడు. భుజాన తంబురా, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలో డక్కీలో పట్టుకుని ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం పలికించేవాడు, ఇంకొకడు రాజకీయం చెప్పేవాడు. కథ వీరుడిది. పల్లవి పిలిచేది కూడా వీరుడైన కొడుకునే, కూతురిని కాదు. ఏ వైపు నుంచి చూసినా మగవాళ్ల కళగానే కనిపించే ఈ అమరికలోకి 1940ల మొదటి సగంలో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని. ప్రజానాట్యమండలి తరఫున ఏర్పడిన తొలి మహిళా బుర్రకథ దళం వీళ్లది.

జానపద కళల మీద వచ్చిన పుస్తకాలు తిరగేస్తే వీళ్ల గురించి మనకి దొరికేది సాధారణంగా ఒక్క వాక్యం. మూడు పేర్లు, మధ్యలో రెండు కామాలు, చివర ఒక చుక్క. నాజర్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఉండాలి కూడా. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, దూదేకుల కుటుంబం నుంచి వచ్చి, బుర్రకథని ఆంధ్రదేశమంతా మోగించి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి ఆయన. ‘పింజారి’ అనే పేరుతో ఆయన ఆత్మకథ వచ్చింది. తన కులం పేరుని, తనని ఎగతాళి చేసిన మాటని, పుస్తకం అట్ట మీదే పెట్టుకున్నాడు. ఆయన గొప్పతనాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. నా ప్రశ్న వేరు. అదే కాలంలో, అదే సంస్థలో, అవే ఊళ్లలో పాడిన ముగ్గురు ఆడవాళ్లు ఒక వాక్యంలోకి ఎలా కుదించుకుపోయారు? ఆ వాక్యాన్ని విప్పి చూస్తే లోపల ఏముంది?

వాళ్లు చేసిన పని ఏమిటో అర్థం కావాలంటే ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. తొలి మహిళా దళం అనగానే అంతకుముందు ఈ కళలో ఆడవాళ్లే లేరనుకుంటాం. అది నిజం కాదు. బుర్రకథ అనే పేరు కొత్తది. దానికి తల్లివేరు జంగం కథ, శారద కథ. ఊరూరా తిరిగి కథ చెప్పి బతికే కులాల వాళ్ల విద్య అది. ఆ కథల్లో చాలా చోట్ల మగవాడు నడుమ నిలబడి కథ చెప్తుంటే అతని భార్యలే పక్కన నిలబడి వంత పాడేవాళ్లు. డక్కీ వాయించేవాళ్లు, ‘తందాన’ అందుకునేవాళ్లు, రాత్రంతా గొంతు అరిగేలా పాడేవాళ్లు. తెల్లవారాక జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది కూడా వాళ్లే. అంటే ఈ ముగ్గురి కళలో ఆడవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. కాకపోతే పక్కన ఉన్నారు. నడుమ లేరు. వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. బిచ్చమెత్తుకునే కులాల ఆడవాళ్ల పాటని కళ అని పిలవడానికి కూడా మన సాహిత్య చరిత్రకి చాలా కాలం పట్టింది.

కాబట్టి 1940ల్లో జరిగిన కొత్త సంగతి ఆడవాళ్లు వేదిక ఎక్కడం ఒక్కటే కాదు. నడుమ చోటు ఆడమనిషి చేతికి రావడం. ముగ్గురూ ఆడవాళ్లే అయినప్పుడు తంబురా పట్టేది ఆడమనిషి, కథని ఎక్కడ ఆపాలో ఎక్కడ దూకించాలో నిర్ణయించేది ఆడమనిషి, రాజుగా భూస్వామిగా సైనికుడిగా గొంతు మార్చేది ఆడమనిషి. పక్కనున్న ఇద్దరిలో ఒకరు జనాన్ని నవ్వించాలి, ఇంకొకరు ప్రభుత్వాన్ని తిట్టాలి. నలుగురిలో పగలబడి నవ్వడమే తప్పని నేర్పిన ఇళ్ల నుంచి వచ్చి, నలుగురిని నవ్వించడం వృత్తిగా చేసుకోవడం మాటలు కాదు. సంప్రదాయ స్త్రీకి కరుణరసం ఎప్పుడూ అందుబాటులోనే ఉంది. సీత ఏడవచ్చు, చంద్రమతి ఏడవచ్చు. వీరమూ హాస్యమూ మాత్రం మగవాడి సొత్తు. ఈ దళం చేయి వేసింది ఆ రెండింటి మీద.

ఇది ఆ కాలంలోనే ఎందుకు జరిగింది? దీనికి కారణాలు కళలో కంటే రాజకీయాల్లో ఎక్కువ కనిపిస్తాయి. 1942 జూలైలో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. అప్పటిదాకా రహస్యంగా పనిచేసినవాళ్లకి బహిరంగ సభలు పెట్టుకునే అవకాశం వచ్చింది. 1943 మేలో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. దానికి తెలుగునాట కొమ్మగా ప్రజానాట్యమండలి పుట్టింది. గరికపాటి రాజారావు నాటకాలు నడిపించాడు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ బుర్రకథ రాశాడు. తర్వాత వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి ‘ముందడుగు’, ‘మాభూమి’ నాటకాలు రాశాడు. అదే ఏడు బెంగాల్‌లో కరువు. దాదాపు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. తెలుగునాట ఊరూరా చందాలు, బియ్యం పోగుచేయడానికి పాట కావాలి, కథ కావాలి. నాజర్ ‘బెంగాల్ కరువు’ కథ చెప్పింది ఇందుకే. 1944 మార్చిలో బెజవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఇన్ని సభలకి ఇంత జనాన్ని కూడగట్టే పనికి బుర్రకథ అంత చవకైన, అంత బలమైన సాధనం ఇంకొకటి లేదు. తెర అక్కర్లేదు, అలంకరణ అక్కర్లేదు. ముగ్గురు మనుషులు, మూడు వాద్యాలు, ఒక పెట్రోమాక్స్ దీపం.

ఇక రెండో కారణం మహిళా సంఘం. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు కుటుంబాల ఆడవాళ్లు అప్పటికే సంఘంలోకి వస్తున్నారు. వాళ్లకి రాజకీయ తరగతులు జరుగుతున్నాయి. సభలకి ఆడవాళ్లు రావాలంటే, వచ్చి ముందు వరుసలో కూర్చోవాలంటే, వేదిక మీద కూడా ఆడవాళ్లు ఉండాలి. సంఘం పని మీద ఊళ్లు తిరుగుతున్న ఆడవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్ద కుటుంబాల కోడళ్లు మగవాళ్ల బుర్రకథకి వస్తే అరుగుల మీదో, కిటికీల వెనకో. ఆడవాళ్ల దళం వస్తే పందిట్లోకి రావచ్చు. ఈ దళం పుట్టుకకి పార్టీ అవసరం ఒక కారణమైతే, కిటికీ వెనక నిలబడ్డ ఆడవాళ్ల అవసరం ఇంకొక కారణం అని నేను అనుకుంటాను. మొదటి కారణాన్ని ఉద్యమ చరిత్రలు రాసుకున్నాయి. రెండోదాన్ని మనం రాసుకోవాలి.

ఇక్కడ కులం సంగతి దాటవేయలేం. జంగాల, శారదకాండ్ర విద్యని ఉద్యమం తీసుకుంది. కథ మార్చింది, వేషం దిద్దింది, పేరు మార్చింది. వేదిక మీదకి వచ్చిన ఆడవాళ్లు ఎక్కువగా భూమి ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. తరతరాలుగా భర్త పక్కన డక్కీ వాయించిన జంగం స్త్రీ ఈ కొత్త దళాల నడుమకి రాలేదు. ఈరోజుకీ బుడగజంగాలు షెడ్యూల్డు కులాల జాబితాలో, ఆ జాబితాలో కూడా అడుగున ఉన్నారు. తొలి మహిళా దళాన్ని తల్చుకుని గర్వపడే హక్కు మనకి ఉంది. ఆ గర్వంలో ఈ అప్పు కూడా కలుపుకోవాలి. అప్పు చెప్పుకోకుండా గర్వం మాత్రమే చెప్పుకుంటే, మగవాళ్లు మన విషయంలో చేసిన పనే మనం జంగం ఆడవాళ్ల విషయంలో చేసినట్టవుతుంది.

ప్రజానాట్యమండలి బుర్రకథల్లో తాన్యా కథ ఒకటి. తాన్యా అసలు పేరు జోయా కొస్మొదెమ్యాన్‌స్కయా. మాస్కో దగ్గర పెత్రిషెవో ఊళ్లో 1941 నవంబరు 29న జర్మన్ సైన్యం ఆమెని ఉరితీసింది. వయసు 18. పట్టుకున్నవాళ్లకి అసలు పేరు చెప్పకుండా తాన్యా అని చెప్పింది. అందుకే ఆ పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. ఎక్కడి మాస్కో, ఎక్కడి కృష్ణా డెల్టా! కానీ తెలుగు పల్లెల్లో ఆడవాళ్లకి అది మొదటి కొత్తరకం కథ. మగుడి కోసం అగ్నిలో దూకని, కొడుకు కోసం ప్రాణం ఇవ్వని, తన నిర్ణయం మీద తాను చచ్చిపోయిన పిల్ల కథ. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ ఉంది కదా అనవచ్చు. ఉంది. అయితే ఆ కథని తరతరాలుగా చెప్పినవాళ్లు ఆమెని ఎలా చెప్పారో మనకి తెలుసు. తెలివైన ఆడది కాబట్టి యుద్ధం వచ్చిందన్నారు. కథలో ఆడది ఉండడం, కథ ఆడదాని వైపు ఉండడం ఒకటి కాదు.

ఈ దళం నడిచిన కాలం చాలా చిన్నది. 1947 జనవరిలో మద్రాసులో ప్రకాశం ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమ్యూనిస్టులని నిర్బంధించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రజానాట్యమండలి ప్రదర్శనల మీద నిషేధాలు వచ్చాయి. బుర్రకథని మద్రాసు ప్రభుత్వమూ నిషేధించింది, నిజాం ప్రభుత్వమూ నిషేధించింది. బద్ధశత్రువుల్లాంటి రెండు ప్రభుత్వాలు ఒక తంబురాకి, రెండు డక్కీలకి భయపడిన సందర్భం అది. 1948 నుంచి కృష్ణా జిల్లా పల్లెల మీద మలబార్ పోలీసులు పడ్డారు. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మగవాళ్లని నగ్నంగా నిలబెట్టి ఊరేగించిన సంగతి చరిత్రకెక్కింది. నాలుగైదేళ్ల కిందట రాత్రిళ్లు కథలు విన్న జిల్లా అది. దళాలు చెదిరిపోయాయి. కొందరు జైళ్లకి, కొందరు అజ్ఞాతంలోకి. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. మగవాళ్లు ఎన్నికల్లోకి వెళ్లారు, పత్రికల్లోకి వెళ్లారు, కొందరు మద్రాసు సినిమాల్లోకి వెళ్లారు. ఆడవాళ్లలో చాలామందిని ఇళ్లకి వెళ్లమన్నారు.

ఆ ‘ఇంటికి వెళ్లమనడం’ ఏమిటో మనకి మొదట వినిపించిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లని వెతికి పట్టుకుని, వాళ్ల చేత మాట్లాడించి, ఆ మాటని దిద్దకుండా అచ్చువేశారు. మోటూరి ఉదయం మాట కూడా అందులో ఉంది. ఆమె మాత్రం ఇంట్లో కూర్చోలేదు. తర్వాతి దశాబ్దాల్లో మహిళా సంఘం నాయకురాలిగా రాష్ట్రమంతా తిరిగింది. అయినా చాలాచోట్ల ఆమె పరిచయం మోటూరు హనుమంతరావు భార్య అనే మొదలవుతుంది. ఆయన పరిచయం ఉదయం భర్త అని మొదలవడం నేనెక్కడా చూడలేదు.

ఇంకొక కోటేశ్వరమ్మ కూడా ఉంది. చింతల కోటేశ్వరమ్మ కాదు, కొండపల్లి కోటేశ్వరమ్మ. ఆమె కూడా ప్రజానాట్యమండలిలో పాడింది, నాటకాలు వేసింది, అజ్ఞాతంలో తిరిగింది. ఇద్దరి పేర్లూ ఒకటే కావడం, కాలమూ సంస్థా ఒకటే కావడం వల్ల ఒకరి గురించి రాయాల్సింది ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మగవాళ్ల విషయంలో ఇలాంటి తికమకలు వస్తే పరిశోధకులు వ్యాసాలు రాసి తేల్చుకుంటారు. ఆడవాళ్ల విషయంలో ఎవరో ఒక కోటేశ్వరమ్మ అని వదిలేస్తారు. కొండపల్లి కోటేశ్వరమ్మ బాల్యవితంతువు, పునర్వివాహం చేసుకుంది. భర్త విడిచి వెళ్లాక కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి బతికింది. తొంభై దాటాక 2012లో ‘నిర్జన వారధి’ ప్రచురించింది. నూరేళ్లు నిండాక 2018లో చనిపోయింది. ఆ పుస్తకం రాకపోయి ఉంటే ఆమె కూడా సీతారామయ్య భార్యగానే మిగిలేది. ఆ ముగ్గురి దళానికి ‘నిర్జన వారధి’ లాంటి పుస్తకం లేదు. అందుకే ఆ ఒక్క వాక్యం.

నేను పుట్టి పెరిగింది పినపాక దగ్గర. ఈ చరిత్రని నేను ఇక్కడి నుంచి చూస్తాను కాబట్టి నాకు కొన్ని వేరుగా కనిపిస్తాయి. గోదావరికి ఇవతల మాది ఒకప్పటి హైదరాబాద్ రాజ్యం. అవతల చర్ల, భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ. భద్రాచలం వైపు 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా అది తూర్పు గోదావరి ఏజెన్సీ. ఒకే కోయ కుటుంబం వాళ్లు నదికి రెండు వైపులా ఉండి రెండు రాజ్యాల మనుషులయ్యారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక మైదానాల దళాలు ఈ అడవుల్లోకి జరిగాయి. కోయలు వాళ్లకి అన్నం పెట్టారు, దారి చూపించారు. అందుకు శిక్షగా సైన్యం గూడేలు ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లోకి తోలింది. మల్లు స్వరాజ్యం రాజక్క పేరుతో తిరిగింది కూడా గోదావరి అడవుల్లోనే. ఆమె తల మీద 10,000 రూపాయల వెల ఉండేది.

స్వరాజ్యం కూడా పాట మనిషే. ఉయ్యాల పాటలతో ఊళ్లని కదిలించింది. కానీ తేడా చూడండి. కోస్తాలో ఆడవాళ్లు మగవాళ్ల వేదికని తీసుకున్నారు. తెలంగాణలో ఆడవాళ్లు తమ బతుకమ్మ ఉయ్యాలనే రాజకీయం చేశారు. బతుకమ్మలో వేదిక ఉండదు, నడుమ మనిషి ఉండదు. నడుమ పూలు ఉంటాయి, చుట్టూ మనుషులు ఉంటారు. మా కోయ ఆడవాళ్ల రేల పాటకీ నడుమ చోటు లేదు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరుసగా కదులుతారు. ఒక వరుస పాడితే ఇంకొక వరుస అందుకుంటుంది. ఇది తక్కువా, అది ఎక్కువా అని నేను అనను. వలయంలో అందరూ సమానం. కానీ వలయంలో పాడిన మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు. నడుమ నిలబడ్డ మనిషి పేరు గుర్తుంటుంది, ఒక్కోసారి పోలీసులకి కూడా. ఈ రెండింటి లాభనష్టాలు ఆడవాళ్లు లెక్కవేసుకుని ఎంచుకునే అవకాశం ఉండాలి. అదే నా పట్టుదల.

ఎంచుకునే అవకాశం ఎక్కడ ఆగిపోతుందో మా దగ్గరే చూడొచ్చు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుడోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల చరిత్ర, కోయ వీరుల వంశకథలు డోలి మీద పాడేవాడు. ఆయనకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో చనిపోయాడు. చదువు రాని ఆయన జ్ఞాపకంలో ఎన్నో తరాల పేర్లు ఉండేవి. ఆయనతో ఒక గ్రంథాలయం పోయిందని మేమంతా బాధపడ్డాం. కానీ ఆ బాధలోనే ఇంకొకటి గుచ్చుకుంటుంది. సమ్మక్క ఆడది. సారలమ్మ ఆడది. కాకతీయ సైన్యంతో పోరాడిన తల్లీకూతుళ్ల కథ అది. ఇప్పటిదాకా నేను చూసిన కొలుపుల్లో, జాతరల్లో ఆ కథని మోసిన డోలి మగవాళ్ల భుజం మీదే ఉంది. నేర్పడానికి శిష్యులు దొరకడం లేదని పెద్దలు అంటారు. శిష్యులంటే వాళ్ల లెక్కలో కొడుకులు, మేనల్లుళ్లు. ఇంటి ముందు రేల ఆడుతున్న మనవరాళ్లు ఆ లెక్కలోకి రారు.

అంటే వాద్యం ఎవరి చేతిలో ఉంది అన్నది చిన్న ప్రశ్న కాదు. పాడనిచ్చినంత సులువుగా వాయించనివ్వరు. తెలుగు ఇళ్లలో కూడా ఆడపిల్లకి పాట నేర్పిస్తారు, వీణ నేర్పిస్తారు, మృదంగం అనగానే ఆలోచిస్తారు. డప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఇది ఒక్క మన దేశపు సంగతీ కాదు. అమెరికాలో 1990ల్లో ‘ఆల్టర్నేటివ్ రాక్’ అని ఒక ధోరణి నడిచింది. పెద్ద కంపెనీల బజారు సంగీతానికి బయట, చిన్న ఊళ్లలో, ముగ్గురు నలుగురు కుర్రాళ్లు కలిసి కట్టుకున్న బృందాలవి. బజారుకి ప్రత్యామ్నాయం అనుకున్న అక్కడ కూడా గిటారు, డ్రమ్ము మగవాళ్ల చేతుల్లోనే ఎక్కువ. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో 1994లో కోరిన్ టకర్, క్యారీ బ్రౌన్‌స్టీన్ అనే ఇద్దరు యువతులు స్లీటర్-కిన్నీ అనే బృందం మొదలుపెట్టారు. 1996లో జానెట్ వైస్ డ్రమ్మర్‌గా చేరాక వాళ్ల ముగ్గురి రూపం స్థిరపడింది. ఆ పేరు కూడా ఏ దేవతదో కాదు, అక్కడి ఒక రోడ్డుది. 1995లో, 1996లో, 1997లో వరుసగా మూడు ఆల్బములు చిన్న సంస్థల నుంచి తెచ్చారు. బ్రౌన్‌స్టీన్ 2015లో తన జ్ఞాపకాలు పుస్తకంగా రాసుకుంది. అంటే ఆ ముగ్గురి తొలి రోజులు ఎలా గడిచాయో తెలుసుకోవాలనుకునే అమ్మాయికి పాటలున్నాయి, పుస్తకం ఉంది. మన ముగ్గురి విషయంలో మనకి లేనిది అదే.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే కశ్మీర్. 2012లో శ్రీనగర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు ఆడపిల్లలు ‘ప్రగాశ్’ అనే రాక్ బృందం కట్టుకున్నారు. ప్రగాశ్ అంటే వెలుగు. ఒకరు పాట, గిటారు, ఒకరు బేస్, ఒకరు డ్రమ్స్. డిసెంబరులో ఒక పోటీలో పాడి బహుమతి తెచ్చుకున్నారు. ఫిబ్రవరి 2013 వచ్చేసరికి ఇంటర్నెట్‌లో బెదిరింపులు, అత్యాచారం చేస్తామనే రాతలు. గ్రాండ్ ముఫ్తీ సంగీతమే మతవిరుద్ధమన్నాడు. పిల్లలు బృందం రద్దు చేసుకున్నారు. వాళ్ల బహిరంగ జీవితం రెండు నెలలు కూడా సరిగ్గా నిండలేదు. ఆ లోయలో మగపిల్లల బృందాలు అదే పోటీలో పాడాయి. వాళ్లకి ఈ గతి పట్టలేదు. సంగీతం తప్పు కాదన్నమాట, సంగీతం ఎవరి చేతిలో ఉందన్నదే తప్పు.

ఈ రెండు ఉదాహరణలూ ఎందుకంటే, ముగ్గురు ఆడవాళ్లు కలిసి వాద్యాలు పట్టుకోవడంలో ఒక ప్రత్యేకత ఉంది. ఒక్క స్త్రీ పాడితే ఆమెని దేవతని చేయొచ్చు, లేదా చెడిపోయిందనొచ్చు. వందమంది పాడితే గుంపు అనొచ్చు. ముగ్గురు ఉంటే అది పని. ఒకరి తాళం తప్పితే ఇంకొకరు పట్టుకోవాలి. ఒకరికి గొంతు పోతే ఇంకొకరు అందుకోవాలి. కథ ఎవరు చెప్పాలి, వంత ఎవరు పాడాలి, ఇంట్లో జ్వరం వచ్చిన పిల్లని ఎవరి దగ్గర వదిలి రావాలి, ఇవన్నీ ముగ్గురూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. అది చిన్న సైజు సంఘం. పితృస్వామ్యానికి ఒంటరి గాయని కంటే ఈ ముగ్గురితోనే ఎక్కువ ఇబ్బంది.

స్వాతంత్ర్యం తర్వాత అదే బుర్రకథని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1954లో కేంద్ర ప్రభుత్వం పాటల, నాటకాల విభాగం ఏర్పాటు చేశాక ఊళ్లలో పథకాల ప్రచారానికి జానపద కళలని వాడుకోవడం పెరిగింది. నిషేధించిన తంబురాయే ప్రభుత్వం మైకు అయింది. తొంభైల చివర మా ఊరి బడి మైదానంలో ముగ్గురు ఆడవాళ్లు కుటుంబ నియంత్రణ మీద బుర్రకథ చెప్పడం నేను చూశాను. కథలో పాపం ఆపరేషన్ చేయించుకోవలసింది ఎప్పటిలాగే ఆడమనిషే. కానీ హాస్యం చెప్పే ఆమె తాగొచ్చిన మొగుణ్ణి అనుకరించినప్పుడు ముందు వరుసలో ఆడవాళ్లు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. మా నాయనమ్మ ఆ రాత్రి, “ఆడోళ్లు చెప్తుంటే దగ్గరికి పోయి కూసొని వినొచ్చు బిడ్డా, మొగోళ్లు చెప్తే యాడనో నిలబడాలె” అంది. ఉద్యమ పత్రాల్లో దొరకని రెండో కారణం నాకు ఆమె దగ్గర దొరికింది. ప్రభుత్వం కథని మార్చగలిగింది గానీ, నడుమ ఆడమనిషి నిలబడితే ఆడవాళ్లు దగ్గరికి వస్తారన్న సంగతిని మార్చలేకపోయింది. ఉదయం వాళ్ల దళం సాధించింది నిజంగా ఇదే అనిపిస్తుంది నాకు. కథలు పోయాయి, పార్టీ చీలింది, శ్రోతలు టీవీకి వెళ్లారు. ఆ చోటు మాత్రం ఆడవాళ్లకి తెరిచే ఉంది.

కానీ తెరిచిన చోటు దానంతట అది తెరుచుకుని ఉండదు. ఎవరో ఒకరు నిలబడుతూ ఉండాలి. ఇందుకు ముందు పనిగా మనం చేయగలిగింది ఆ ఒక్క వాక్యాన్ని పెంచడం. నలభైలలో బుర్రకథ విన్న పిల్లలు ఇప్పుడు తొంభైల్లో ఉన్నారు. కృష్ణా, గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ వారమే అడగండి. ఆడవాళ్ల దళం చూశావా, వాళ్లు ఏం కట్టుకున్నారు, ఏ కథ చెప్పారు, మీ ఇంట్లో వెళ్లనిచ్చారా, ఎక్కడ కూర్చున్నావు? జంగం, శారదకాండ్ర కుటుంబాల ఆడవాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లని వాళ్ల పేరు అడిగి రాసుకోండి. అడవి వైపు ఉన్న మేము డోలి పెద్దల్ని ఇంకొకటి అడుగుతాం. మనవరాలికి నేర్పుతారా అని. కాదంటారేమో. కాదనడానికి ఏం కారణం చెప్తారో అదీ రాసిపెడతాం.